పదకొండు రోజుల వాన

ఏప్రిల్ 5, ఉదయం తొమ్మిది గంటలు

పిడుగుకి, అమ్మమ్మ రాస్తున్నది.

నువ్వు కింది ఊరి నుంచి వేసిన కార్డు నిన్న అందింది. "చేరాను, రేపు పైకి నడుస్తాను, పైన ఫోను పలకదు" అని మూడు ముక్కలు. తేదీ వేయలేదు. నువ్వు ఏ రోజున పైకి నడిచావో తెలియక నేను పొద్దుటి నుంచి లెక్కలు కట్టవలసి వచ్చింది. ఈ ఉత్తరం ఇప్పుడు రాయడానికి కారణం అదే. ఇకమీదట ఏది రాసినా పైన తేదీ వెయ్యి. తేదీ లేని ఉత్తరం తల లేని మొండెం.

పైకి టపా వారానికి ఒకసారి, ఆదివారం ఎక్కి సోమవారం దిగుతుందని పోస్టాఫీసులో కనుక్కున్నాను. "మంచు పడితే అదీ ఉండదు మామ్మగారూ" అన్నాడు కిటికీ దగ్గర మనిషి. "మంచు సంగతి నాకు చెప్పకు నాయనా, ముప్పై ఒక్క ఏళ్లు వాతావరణ ఆఫీసులో వానా మంచూ కొలిచి రాసినదాన్ని" అన్నాను.

మీ మావయ్య నీ గదిలో తన సైకిలు పెట్టాడు. "ఖాళీగానే ఉందిగా అమ్మా" అన్నాడు. తీయించాను. గది ఖాళీగా లేదు. గదిలో మనిషి ఊరెళ్లింది, అంతే.

ఇక అసలు విషయం. ఆస్పత్రిలో మందుల సీసా మీద నువ్వు రాసిన మోతాదులో చుక్క ఒక అంకె పక్కకు జరిగింది. సగం రాయవలసిన చోట ఐదు పడింది. ఆ మందు తాగిన పాప నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి, బాగై, ఇంటికి వెళ్లింది. జరిగి డెబ్బై రెండు రోజులు. నువ్వు సెలవు పెట్టావు. మనశ్శాంతి కోసం కొండలకు పోతానన్నావు, నేను వద్దనలేదు. కానీ నా అభిప్రాయం దిగమింగుకోలేను. మనశ్శాంతి కొండ మీద మొలిచే మూలిక కాదు, వెళ్లి కోసుకు రావడానికి. వేళకు లేచి, వేళకు తిని, చేతిలో ఒక పని ఉన్నవాళ్లకు అది దానంతట అదే వస్తుంది.

అందుకే నీ సంచిలో, ఊలు మేజోడులో చుట్టి థర్మామీటరు పెట్టాను. వాన కొలిచే గాజు గ్లాసు కూడా ఉంది, పగలగొట్టకు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూడు. ఎనిమిది ఇరవైకి కాదు, తొమ్మిదికి కాదు. రాసి, వారానికి ఒకసారి పంపు.

మెడకు గుడ్డ చుట్టుకో.

అమ్మమ్మ


ఏప్రిల్ 17

తేదీ వేశాను, చూసుకో అమ్మమ్మా!

నేనున్నది నడిచేవాళ్లు ఆగే బస. ఒకటే పొడుగాటి గది, పన్నెండు చెక్క పడకలు, మధ్యలో ఇనుప పొయ్యి, పొయ్యి మీద తాడు, తాడు మీద అందరి తడి మేజోళ్లు. లోపలికి అడుగు పెట్టగానే వచ్చే వాసన నీకు చెప్పను. బస చూసుకునే ఆవిడ ఇదివరకు లారీ నడిపేదట. మాట కూడా బ్రేకు వేసినట్టే ఉంటుంది. మొదటి రోజు అడిగింది.

"ఎందుకొచ్చావ్?"

"మనశ్శాంతి కోసమండీ."

"అది నిరుడు వచ్చినవాళ్లు పట్టుకుపోయారు. బూట్లు బయట విడువు."

నువ్వూ ఆవిడా ఒక గదిలో ఉంటే ఏమవుతుందో అని ఆలోచించి నాలో నేనే నవ్వుకున్నాను. అదే ఈ మధ్య నేను మొదటిసారి నవ్వడం. అందుకని నీకు రాస్తున్నాను.

పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నం దాకా నడుస్తాను. మొదటి గంట తలలో అంతా ఆస్పత్రే. పెద్ద మేడమ్ మొహం, ఆ పాప వాళ్లమ్మ చేతిలో మడిచిన చీటీ. రెండో గంటకి కాళ్ల నొప్పి గురించే ఆలోచన. మూడో గంటకి ఏదీ ఉండదు. రాయి, గడ్డి, రాయి, నీళ్లు. ఎవరో లోపల వాగుతున్న రేడియో కట్టేసినట్టు ఉంటుంది. కూర్చోగానే మళ్లీ మొదలు. అంటే నాకు దొరికిన శాంతి నడిచినంత సేపే. ఎంతకాలమని నడుస్తాం?

గురువారం రోజంతా కుండపోత. ఎవరమూ గడప దాటలేదు. పొయ్యి చుట్టూ కూర్చుని ఒకళ్ల మేజోళ్లు ఒకళ్లం కుట్టుకున్నాం. ఆవిడ నా కుట్టు చూసి "ఇది కుట్టా, గాయమా?" అంది.

నువ్వడిగిన అంకెలు, పదో తేదీ నుంచి పదహారు దాకా: 6.2, 7.4, 5.8, 6.9, 7.1, 5.6, 6.7. వాన ఏడు రోజులూ సున్నా.

మావయ్య సైకిలు పాపం బయట తడుస్తోందా?

పిడుగు


ఏప్రిల్ 25

పిడుగుకి,

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను.

నీ సంచిలో పెట్టినది గోడకు తగిలించుకునే చవక రకం థర్మామీటరు. దాని మీద గీత రెండు డిగ్రీలకు ఒకటి. దాని మీద 6.2 ఎవరికీ కనబడదు. నాకూ కనబడదు. ఇక గురువారం కుండపోత అని నువ్వే రాశావు, అదే ఉత్తరం అడుగున గురువారం వాన సున్నా అని నువ్వే రాశావు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది అతకలేదు.

కవరు మీద ముద్ర చూశాను. కింది ఊరిది. కొండ మీది బస అంటున్నావు, ముద్రేమో కింది ఊరిది. నువ్వసలు కొండెక్కావా? ఎక్కకపోతే ఎక్కలేదని చెప్పు, కాళ్లు విరగ్గొట్టుకోమని నేనేమీ అనలేదు. ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు? ఇరవై ఏడేళ్ల మనిషివి, నీ ఇష్టం. కానీ లేనిచోట ఉన్నానని అంకెలు వేసి నన్ను నమ్మించాలని చూడకు. మీ మావయ్య "పోన్లే అమ్మా, చిన్నపిల్ల, సరదాకి రాసుంటుంది" అన్నాడు. వాడు అంకెలతో సరదా చేస్తాడు, అందుకే వాడి గడియారం ఎప్పుడూ పావుగంట వెనక.

ఇంకొకటి. నీ ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. తెరిచాను. నీ ఉద్యోగం జూన్ పదిహేను దాకా అట్టిపెడతామనీ, వచ్చేదీ రానిదీ ముందుగా తెలపమనీ మీ పెద్ద మేడమ్ రాసింది. నువ్వు వస్తావని నేను జవాబు రాసేశాను. గడువు ఉన్న ఉత్తరం కొండ మీదికీ కిందికీ తిరుగుతూ కూర్చుంటే పని జరగదు.

నిజమైన అంకెలు పంపు.

అమ్మమ్మ


మే 1

అమ్మమ్మా,

నేను కొండ మీదే ఉన్నాను. పైన పోస్టాఫీసు లేదు, ముద్ర కింద వేస్తారు. ఈ సంగతి నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని.

అంకెలు అబద్ధమే. ఒక్క రోజు కూడా థర్మామీటరు చూడలేదు. మొదటి రోజు ఎనిమిదిన్నరకి బయటికి వెళ్లాను. దాని ముందు నిలబడ్డాను. ఎరుపు గీత ఆరు దగ్గరుందో ఎనిమిది దగ్గరుందో చూసి రాయాలి, అంతే. పెన్ను మూత తీశాను, మళ్లీ పెట్టేశాను. తప్పు చదివితే? తప్పు రాస్తే? నీకు అది గాలి వేడి. నాకు ఇప్పుడు ఏ అంకె రాసినా సీసా మీద రాసినట్టే. లోపలికి వచ్చేసి పడక మీద కూర్చుని ఏవో ఏడు అంకెలు రాశాను. అప్పుడు పెన్ను ఆగలేదు. ఊహించి రాసిన అంకె తప్పవదు కదా. దాన్ని దేనితో పోల్చి తప్పంటారు?

నువ్వు పట్టేస్తావని తెలుసు. అయినా రాశాను. నువ్వు ఇంకా పరీక్ష పెడుతున్నావనుకున్నాను. చిన్నప్పుడు ఎక్కాలు తప్పితే మళ్లీ మొదటి నుంచి చెప్పించేదానివే, అలాగ. అంత పెద్ద తప్పు చేసి వచ్చినదాన్ని, మళ్లీ ఒకటో ఎక్కం నుంచి మొదలుపెట్టిస్తున్నావు అనుకున్నాను.

సరే, అదంతా నా తప్పే. కానీ నా ఉత్తరం నువ్వు తెరిచావు. నా బదులు నువ్వు సరే అన్నావు. నేను ఆ గదిలోకి వెళ్లి మళ్లీ సీసాల ముందు నిలబడగలనో లేదో నాకే తెలియదు, నీకెలా తెలిసింది?

రేపు బస ఆవిడతో పై కనుమ వైపు వెళ్తున్నాను. ఆ పక్కన ఇంకో బస ఉంది, దాని తలుపులూ పడకలూ సరిచూసి రావాలట. ఎన్ని రోజులో తెలియదు. అటు దిగితే అటే పోతానేమో కూడా. నాకు ఉత్తరాలు రాయకు.

నీ మనవరాలు


మే 9, ఉదయం

పిడుగుకి,

రాయకు అన్నావు. రాస్తున్నాను. నువ్వు చదవకపోయినా ఇది కాగితం మీద ఉండాలి.

నీ ఉత్తరం తెరవడం తప్పు. జవాబు రాయడం అంతకంటే పెద్ద తప్పు. దీనికి "కానీ" లేదు.

రెండోది. నేను పరీక్ష పెట్టలేదు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు నేను ఇక్కడ వాకిట్లోకి వెళ్లి థర్మామీటరు చూస్తాను. ఉద్యోగం వదిలి పదహారేళ్లయినా చూస్తాను, నీకు తెలుసు. అదే నిమిషానికి నువ్వూ అక్కడ చూస్తూ ఉంటావని అనుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. నువ్వు లేచావనీ, తలుపు తీశావనీ, బయట ఆకాశాన్ని చూశావనీ. ఈ మాట మొదటి ఉత్తరంలోనే రాయవచ్చు. రాయలేదు. నాకు అంకెలు అడగడం వచ్చు, మిగతావి అడగడం రాదు.

మూడోది ఎవరికీ చెప్పలేదు. మీ మావయ్యకు కూడా.

ముందు గదిలో అద్దం కట్టించిన ప్రశంసాపత్రం ఉంది కదా, "ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక్క రోజు కూడా తప్పకుండా" అని. అది అబద్ధం. మీ అమ్మ పోయినప్పుడు నీకు రెండేళ్లు. మీ నాన్న అప్పటికి ఓడ మీద, నెల రోజుల దూరంలో ఉన్నాడు. నువ్వు నా చీర కొంగు వదిలేదానివి కాదు. పక్క గదిలోకి వెళ్లినా ఏడ్చేదానివి. వాన కొలిచే చోటు మన ఇంటికి రెండు ఫర్లాంగుల దూరం, గుర్తుందా? నేను వెళ్లలేదు. పదకొండు రోజులు వెళ్లలేదు. నిన్ను ఒళ్లో పెట్టుకుని, రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని, కిటికీలోంచి చూసి అంకెలు వేశాను. 3.2, 0.8, 11.4. నీవి చదవగానే పట్టుకున్నానే, ఎలా పట్టుకున్నాననుకున్నావు? ఎక్కడా రెండు రోజులు ఒకే అంకె రాలేదు, అన్నీ ముచ్చటగా అటూ ఇటూ ఊగుతున్నాయి. ప్రకృతికి అంత ముచ్చట ఉండదు. అలాంటివి నేనూ వేసి ఉన్నాను.

ఖాళీ వదిలేయవచ్చు. చూడని రోజుకు అడ్డగీత పెట్టడం మా ఆఫీసు రివాజు. చూసీ అనుమానం ఉంటే అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. అందులో సిగ్గు లేదు, అసలు పని అదే. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు నేనే చెప్పేదాన్ని, "తప్పు అంకె కంటే ఖాళీ గడి మేలు" అని. చెప్పి, నా వంతు వచ్చేసరికి గీత పెట్టలేకపోయాను. ఒక్క రోజు కూడా తప్పలేదు అనిపించుకోవాలని. ఆ అంకెలు అచ్చయ్యాయి కూడా. ఆ పదకొండు రోజులూ ఎంత వాన పడిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

ఇంట్లోనూ అంతే చేశాను. తప్పు చేయకూడదని నీకు నేర్పాను. అనుమానం వస్తే ఆగి పక్కవాళ్లను అడగమని నేర్పలేదు. ఆ సీసా మీద చుక్క పెట్టేటప్పుడు నీకు ఒక్క క్షణం అనుమానం వచ్చిందా? వచ్చే ఉంటుంది. అడగలేదు. ఎవరి మనవరాలివి మరి.

జవాబు రాయనక్కర లేదు.

అమ్మమ్మ


మే 22

అమ్మమ్మా,

శనివారం కనుమ నుంచి తిరిగి వచ్చాను. నీ ఉత్తరం నా దిండు కింద పెట్టి ఉంది. మేం లేనప్పుడు బస చూసుకున్న ఆవిడ తమ్ముడు పెట్టాడట.

అవును. అనుమానం వచ్చింది. చుక్క పెట్టి, ఒకసారి చూసి, ఏదో తేడాగా ఉందే అనుకున్నాను. పక్క బల్ల దగ్గర ఇంకో అమ్మాయి ఉంది. "ఒకసారి చూస్తావా?" అంటే చాలు. ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నదాన్ని, ఇంత చిన్నది అడిగితే ఏమనుకుంటుందోనని అడగలేదు. విచారణలో కూడా ఈ మాట చెప్పలేదు. తొందరలో జరిగిందన్నాను. నీకే మొదటిసారి చెప్తున్నాను.

ఇప్పుడు కనుమ సంగతి. మూడో రోజు పొద్దున పైకి చేరేసరికి తెల్లటి మేఘం ఒకటి వచ్చి మా మీద కూర్చుంది. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. ఆవిడ ఆగింది.

"ముందుకా, వెనక్కా?" అంది.

నన్ను అడగడమేమిటి? ఈ కొండల్లో ఏళ్లుగా తిరుగుతున్న మనిషి! ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి ముందుకు అనబోయాను. నోటి దాకా వచ్చింది. మింగేసి, "నాకు తెలీదండీ" అన్నాను.

ఆవిడ సంచి దించేసింది. "అమ్మయ్య. ఆ మాట అనే మనిషితోనే నేను కొండెక్కుతాను. తెలుసు తెలుసు అనేవాళ్లని మోసుకొచ్చీ మోసుకొచ్చీ నడుం పోయింది" అంది.

"మరి మీకు తెలుసా?" అన్నాను.

"నాకూ తెలీదు. కూర్చో."

ఒక బండకి వీపు ఆనించి కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. ఫ్లాస్కులో టీ ఉంటే ఒకే మూతతో చెరో గుక్క తాగాం. ఆవిడ కాసేపు కునుకు తీసింది, గురక కూడా పెట్టింది. అమ్మమ్మా, ఆ సేపంతా నేను నడవడం లేదు. కూర్చునే ఉన్నాను. అయినా రేడియో మొదలవలేదు. ఎటు వెళ్లాలో తెలియదు, ఏమీ కనబడదు, చెయ్యడానికి ఏమీ లేదు, నాకు హాయిగా ఉంది. అంత హాయి ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికితే, నేను "తెలీదు" అని పైకి అన్నాను, కొండ విరిగి నా నెత్తిన పడలేదు. అంతే.

తర్వాత గాలి తిరిగింది. దారి కనబడింది. లేచి నడిచాం.

నిన్న ఎనిమిదిన్నరకి థర్మామీటరు దగ్గరికి వెళ్లాను. పెన్ను మూత తీసి ఆగాను. ఆవిడని పిలిచి, "మీరూ చూడండి" అన్నాను. ఆవిడ ఎనిమిది అంది, నేను పది అన్నాను. ఇద్దరం పోట్లాడుకున్నాం. "కళ్లద్దాలు పెట్టుకోండి" అంటే, "నీకే కావాలి" అంది. చివరికి తొమ్మిది అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. అదే నీకు పంపుతున్నాను. ఒక్కటే ఉంది. 9?

నీ పదకొండు రోజుల గురించి చాలా ఆలోచించాను. నీ కొంగు పట్టుకున్నట్టు నాకు గుర్తు లేదు. ఉంటే బాగుండును.

ఆస్పత్రికి వెళ్తానో లేదో ఇంకా తెలియదు. వెళ్తే మాత్రం, ప్రతి సీసా ఇంకొకరు చూడాలని ముందే అడుగుతాను. అనుమానం వచ్చినా అడగలేదన్న మాట పెద్ద మేడమ్‌కి చెప్తాను. అది విన్నాక వాళ్లే వద్దంటారేమో. ఆస్పత్రి గేటు నేనొక్కదాన్నే దాటగలనని అనుకోవడం లేదు.

నీ పిడుగు


మే 27, సాయంత్రం ఐదు గంటలు

పిడుగుకి, అమ్మమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. మీ మావయ్య చదివి వినిపించమంటే వినిపించాను, పదకొండు రోజుల సంగతితో సహా. వాడు అంతా విన్నాడు. తర్వాత "అయితే నాకు ఎనిమిదో తరగతిలో వాన లెక్క తప్పు పడిందని మాస్టారు కొట్టింది నీ అంకెలు చూసేనేమో" అన్నాడు. నవ్వాను. కళ్లు తుడుచుకోవలసి వచ్చింది, నవ్వినందుకే అనుకో.

నీ తొమ్మిది చేరింది. ప్రశ్నార్థకంతో సహా నా రిజిస్టరులో ఎక్కించాను. ఈ ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చిన అంకె అదే.

మనశ్శాంతి గురించి నేను మొదట రాసినది సగమే సరి. వేళకు లేచి, వేళకు తిని, చేతినిండా పని పెట్టుకుని పాతికేళ్లు గడిపాను. నాకు అది రాలేదు. మొన్న తొమ్మిదో తేదీన నీకు రాసి కవరు అంటించాక వచ్చింది. ఆ కవరు పెట్టెలో వేసి ఇంటికి నడిచి వస్తుంటే, దారిలో ఎవరిదో గోడ మీద పిల్లి కూర్చుని ఉంది. నేను ఆగి దాన్ని చూశాను. అలా ఊరికే ఆగడం నాకు అలవాటు లేదు. నువ్వు బండకు ఆనుకుని కూర్చున్నట్టే అనుకుంటాను.

ఇక జరగవలసినవి:

1. ఆ పదకొండు రోజుల తేదీలు రాసి, అంకెలు కొట్టివేసి గడులు ఖాళీగా ఉంచమని వాతావరణ ఆఫీసుకు ఉత్తరం పంపాను. ప్రశంసాపత్రం కూడా అందులో పెట్టాను. గోడ మీద తెల్లటి చతురస్రం మిగిలింది. అక్కడ ఏమీ తగిలించవద్దు.

2. మీ పెద్ద మేడమ్‌కు రాశాను. మొదటి జవాబు నాది, నా మనవరాలిది కాదు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, జూన్ పదిహేను లోపు తను వచ్చి తన మాట తను చెప్తుంది, లేదా చెప్పదు అని. నకలు దీనితో పెట్టాను. నచ్చని వాక్యం ఉంటే కొట్టెయ్యి.

3. నేను జూన్ 8న పొద్దుటి బస్సులో కింది ఊరికి వస్తున్నాను. బస్సు మెట్లు నా మోకాలు ఎక్కనిస్తుందో లేదో తెలియక మీ మావయ్యను తోడు రమ్మని అడిగాను. నోరు తెరిచి అడగడానికి నాకు రెండు పూటలు పట్టింది. వాడికి ఒప్పుకోవడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

4. బస్టాండు ఎదురుగా మేడ మీద గది ఒకటి తీసుకున్నాం. కిటికీలోంచి కొండ దారి కనిపిస్తుందట. నువ్వు దిగేదాకా ఉంటాం. ఆ నెలలో దిగకపోతే తిరిగి ఇంటికి వెళ్లి మళ్లీ వస్తాం. తొందర లేదు.

5. ఆస్పత్రికి వెళ్లాలనిపిస్తే ముగ్గురం కలిసి గేటు దాకా వెళ్దాం. లోపలికి ఎంతవరకు రమ్మంటావో నువ్వు చెప్పు, అంతవరకే వస్తాను. గేటు దగ్గర వెనక్కి తిరిగితే ముగ్గురం కలిసే ఇంటికి వెళ్దాం. ఎందుకని ఎవరూ అడగరు. ముఖ్యంగా నేను.

6. బస ఆవిడకు నా నమస్కారాలు చెప్పు. కళ్లద్దాల విషయంలో పట్టు వదలవద్దని చెప్పు.

7. దిగేటప్పుడు రాళ్లు తడిగా ఉంటాయి. ఎక్కడ కాలు పెట్టాలో తెలియకపోతే నిలబడిపో. ఎవరో ఒకరు వస్తారు, చెయ్యి ఇమ్మని అడుగు.

అమ్మమ్మ